గాలి తీసి కొట్టాలె బావా

ఇది రాస్తుంటే నా ఎడమ చెవి వెనక ఇంకా రాణిరంగు ఉంది. మూడు రోజులైంది. శనగపిండి, నిమ్మచెక్క, కొబ్బరినూనె, చివరికి గిన్నెలు తోమే పీచు కూడా అయ్యాయి. చెవి ఊడేలా ఉంది గానీ రంగు వదిలేలా లేదు.

హనుమకొండలో నాదొక చిన్న మడిగె. జిరాక్స్, ప్రింట్లు, లామినేషన్, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. 2016లో వరంగల్ అర్బన్ జిల్లా అయినప్పుడు, మళ్ళీ 2021లో అదే హనుమకొండ జిల్లా అయినప్పుడు కొన్నాళ్ళు గిరాకీ జోరుగా నడిచింది. లెటర్‌హెడ్లు, బిల్లు పుస్తకాలు అన్నీ మళ్ళీ కొత్తవే కదా. మిగతా రోజుల్లో రెండు రూపాయల జిరాక్సుకు "రూపాయిన్నరకు రాదా?" అనేవాళ్ళతోనే కాలక్షేపం. అందులో మిగిలేది కూడా ప్రింటర్ తాగేస్తుంది.

తాగేస్తుందని ఊరికే అనడం లేదు. రంగుల కాట్రిడ్జ్ 930 రూపాయలు పెట్టి తెచ్చాను. లోపలున్న ఇంకు చూస్తే అటూ ఇటుగా 6 మిల్లీలీటర్లు. దగ్గుమందు సీసా మూతలో పోస్తే ఇంకా చోటు మిగులుతుంది. లీటరుకు ఎంత పడిందో ఒక రాత్రి నిద్రపట్టక లెక్కేశాను. 1,55,000 రూపాయలు. మా ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే చపాటా మిర్చికి రంగే పేరు తెచ్చింది, 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లీటరు ఇంకు డబ్బుతో ఆ మిర్చి ఎన్ని బస్తాలు వస్తుందో కూడా లెక్క మొదలుపెట్టాను. మా ఇంటామె లైటు ఆర్పేసింది.

డబ్బా మీద ఇన్ని పేజీలు వస్తాయని రాస్తారు. ఆ పేజీ అంటే కాగితంలో నూటికి అయిదు వంతులు మాత్రమే ఇంకు పడే పేజీ. నాలుగు వరసలు రాసి "ఇట్లు, మీ విధేయుడు" అని సంతకం పెట్టే మర్యాదస్తుల లెక్క అది. మా దగ్గరికి వచ్చేవాళ్ళు నెత్తి నుంచి భుజాల దాకా రంగు నింపమనేవాళ్ళు. పైగా నా ప్రింటర్‌కు ఒక పట్టుదల ఉంది. గులాబీ ఇంకు అయిపోతే నల్ల అక్షరాలు కూడా ముద్రించనంటుంది. నల్ల అక్షరానికి గులాబీతో పనేంటని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, ఆ అమ్మాయి నా అసౌకర్యానికి చింతించి, ఒరిజినల్ ఇంకే వాడమంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ మిషన్ గర్రుగర్రుమంటూ తనను తాను కడుక్కుంటుంది. నా ఇంకుతోనే.

అందుకే మా బావమరిది మాట విన్నాను. "వంద మిల్లీ సీసా నూటిరవై రూపాయలే బావా. సూదితోని పోసుడే. మూడు వీడియోలు చూసిన." ఆ ఉత్సాహంలో 930 - 120 = 810 లాభం అని ఒక కాగితం మీద పెద్దగా రాసి గోడకు కూడా అంటించాను. ముందు రోజు వాడే నీలం, పసుపు పోశాడు, బొట్టు కింద పడకుండా. ఆ పనితనమే నా కొంప ముంచింది. చూస్తుంటే చాలా సులువనిపించింది. గులాబీ మిగిలి ఉండగానే ఎంగిలిపూల బతుకమ్మకు తంగేడు, గునుగు తెంపుకొస్తానని ఊరికి బండెక్కాడు. పోతూ పోతూ చెప్పిన మాట: "గాలి తీసి కొట్టాలె బావా, మర్చిపోకు."

మరుసటి రోజు పొద్దున మా లెక్కల సారు వచ్చాడు. రిటైరై చాలా కాలమైంది. తెల్ల లాల్చీ, తెల్ల పంచె. ఎనిమిది ఫోటోలు కావాలన్నాడు. తీశాను, ప్రింటు కొట్టాను. గులాబీ రంగు తక్కువైతే మనిషి చర్మం ఆకుపచ్చకు తిరుగుతుంది. ఎనిమిది మంది పచ్చని సార్లు ఒకేసారి బయటికొచ్చారు.

"ఏందిరా ఇది, నాకు కామెర్లా?"

"లేదు సార్, ఇంకు. రెండు నిమిషాలు."

ఇప్పుడు అసలు విషయం. కాట్రిడ్జ్ మీది స్టిక్కర్ బ్లేడుతో లేపితే మూడు చిన్న బొక్కలుంటాయి, ఒక్కో రంగుకు ఒకటి. లోపల స్పాంజి. సూది దించి, నొప్పి తెలియకుండా మెల్లగా పోయాలి. నేను సిరంజిలో పది మిల్లీలు లాగాను. ఎందుకు పది? సీసాలో ఉంది కాబట్టి. చిన్నప్పుడు మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు సూదిని కిటికీ వెలుతురుకు ఎత్తి, వేలితో టక్కుటక్కున కొట్టి, ఒక్క చుక్క చిమ్మి, ఆ తర్వాతే "పక్కకు తిరుగు" అనేవాడు. ఆ చుక్క చూస్తేనే నాకు సగం జ్వరం తగ్గేది. అచ్చం అట్లాగే సిరంజి ఎత్తాను. టక్కుటక్కున కొట్టాను. సారు కూడా చూస్తున్నాడు కదా, కొంచెం స్టయిల్‌గానే కొట్టాను.

చుక్క రాలేదు. ముందు రోజు పసుపు పోసిన సూదిని మావాడు కడగలేదు. లోపల ఎండిపోయింది. బొటనవేలితో నొక్కాను. కదల్లేదు. రెండు బొటనవేళ్ళతో నొక్కాను. "మెల్లగ" అన్నాడు సారు. పదో తరగతిలో వెనక నిలబడి లెక్క చూస్తూ ఇదే గొంతుతో "మెల్లగ" అనేవాడు. అప్పుడూ నేను తొందరపడి తప్పు చేసేవాణ్ణి, ఇప్పుడూ అంతే. సూది టప్పున ఊడి ఎటో పోయింది. వెనకాల ఉన్న పది మిల్లీలూ నిటారుగా పైకి లేచాయి.

పైన ఏముందో ఇక్కడ చెప్పాలి. మా ఓనరు ఈ మడిగెలో సగం ఎత్తులో అటక కట్టించి తన పాత సామాను పెట్టుకున్నాడు, కిరాయి మాత్రం పూర్తి మడిగెకు తీసుకుంటాడు. దానివల్ల ఫ్యాను నా తలకు మూరెడు పైనే తిరుగుతుంది. దాని రెగ్యులేటర్ చెడిపోయి రెండేళ్ళు. బాగు చేయించమంటే "ఫ్యాన్ తిరుగుతాంది గద?" అంటాడు. తిరుగుతుంది, తిరిగితే అయిదు మీదే తిరుగుతుంది. లేకపోతే ఆగుతుంది. మధ్యలో ఇంకోటి లేదు.

ఆ ఫ్యాను రెక్కలకు ఇంకు తగిలింది. ఫ్యానుకు పక్షపాతం లేదని ఒప్పుకోవాలి. నాకెంత పంచిందో సారుకూ అంతే పంచింది. కౌంటర్‌కు, గోడమీది క్యాలెండర్‌కు, అప్పుడే విప్పి పెట్టిన రెండు రీముల కాగితానికి, ఓనరు అటకకు తలా ఇంత ఇచ్చింది. ప్రింటర్ మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు. కంపెనీ దాన్ని చాలా జాగ్రత్తగా తయారుచేసింది.

సారు లాల్చీ వైపు చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. మెడ నుంచి పొట్ట దాకా చిన్నచిన్న చుక్కలు, పట్టుచీర బుటాల్లాగా వరసగా. ఎన్నేళ్ళు మా కాగితాల మీద ఎర్ర ఇంకు చల్లాడో! నాకు అరపరీక్షలో నూటికి 28 వేసి చుట్టూ సున్నా చుట్టిన చెయ్యి అది. ఆ ఇంకంతా పైన ఎక్కడో నిలవుండి ఇవాళ తిరిగొచ్చిందేమో అనిపించి, ఒక్క క్షణం నవ్వొచ్చింది. నవ్వితే పళ్ళు కూడా గులాబీ అట.

సారు అరవలేదు. అరిచినా బాగుండేది. గోడమీది నా 810 లాభం కాగితం చూశాడు. లేచి దగ్గరికెళ్ళాడు. "లాల్చీ పంచె కొత్తవి పదకొండు వందలు. కాగితం ఎంత?" "రీము రెండు వందల ఎనభై సార్, రెండు." "అయిదు వందల అరవై. సున్నం?" "నాలుగు వందలు కావచ్చు." "ఇంకు సీసా నూటిరవై. మొత్తం రెండువేల నూట ఎనభై. మిగిల్తది అనుకున్న తొమ్మిది వందల ముప్పై తీసెయ్." నేను మనసులో తీసివేస్తున్నాను, సున్నాల దగ్గర ఆగిపోయాను. "పన్నెండు వందల యాభై నష్టం" అంటూ కౌంటర్ మీది గులాబీ మడుగులో చూపుడువేలు ముంచి, నా లెక్క మీద అడ్డంగా ఇంటూ కొట్టాడు. పక్కనే చిన్నగా సంతకం కూడా పెట్టాడు. అలవాటు ప్రాణం.

ఆ తర్వాత ఇంటికి ఎట్లా వెళ్ళానో అడగకండి. మా వైపు గులాబీ రంగు మీదేసుకుని బజారులో నడిస్తే అర్థాలు వేరు. చౌరస్తా దాటేలోపు ముగ్గురు "ఎప్పుడు చేరినవ్ అన్నా?" అన్నారు. ఒకాయన దండ కూడా వేయబోయాడు.

సాయంత్రం మడిగె కడుగుతుంటే మా వెనక గల్లీ అవ్వ వచ్చి నా మొహం పట్టుకుని వెలుతురుకు తిప్పింది. తిట్టబోతుందనుకున్నాను. తడి బట్టతో బుగ్గ గట్టిగా రుద్ది, బట్ట చూసుకుంది.

"గీ రంగు ఏడ దొరికింది కొడుకా? నేను దుకాణంల తెచ్చింది గునుగు పువ్వుకు అద్దితే తెల్లారేటాళ్ళకు తేలిపోతాంది."

సీసాలో మిగిలినదంతా ఇచ్చేశాను. ఇరవై రూపాయలు కౌంటర్ మీద పెట్టింది. ఈ ఇంకు వ్యవహారంలో నాకు వచ్చిన మొదటి ఆదాయం. నిన్న బతుకమ్మ మధ్య వరసలో నా కాట్రిడ్జ్ రంగు గునుగు మెరిసిపోతుంటే నలుగురు ఆడవాళ్ళు అవ్వను అడిగారట, అవ్వ నా మడిగె చూపించిందట. ఇవాళ పొద్దున షటర్ ఎత్తేసరికి ముగ్గురు తాంబాళాలతో నిలబడి ఉన్నారు.

"తమ్మీ, నీలం గూడ ఉన్నదా?"

"ఉన్నదక్కా. ఆగు, ఫ్యాన్ బందు చేసొస్త."