పలకని అక్షరాల పుట్టిల్లు

మొన్న శనివారం మా అమ్మాయి స్పెల్లింగ్ బీ, అంటే ఇంగ్లీషు మాటల స్పెల్లింగ్ చెప్పే పోటీ, లిస్టు ముందేసుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. చఫ్, క్లఫ్, స్లఫ్, బౌ. ఏ మాట చూసినా చివర ఓ, యూ, జీ, హెచ్. ఒకచోట ‘ఫ్’ అని పలుకుతుంది, ఇంకోచోట అసలు పలకదు. “దీనికి రూలేంటి నాన్నా?” అంది. “రూల్ లేదమ్మా, బట్టీ పట్టెయ్” అనబోయి ఆగిపోయాను. మనలో చాలామంది ఇచ్చే జవాబు అదే. అది పిల్లలకు అన్యాయం చేసే జవాబని నా నమ్మకం.

ఆ మాటలు ఎంత బాగుంటాయో చూడండి. చఫ్ అంటే ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్లు ఉన్న కాకిజాతి పక్షి. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ చిహ్నంలో ఉంటుంది. క్లఫ్ అంటే ఉత్తర ఇంగ్లండ్ కొండల్లో ఇరుకు లోయ. స్లఫ్ అంటే పాము కుబుసం విడవడం. అవే అక్షరాలను ‘స్లౌ’ అని పలికితే బురదగుంట!

ఆ జీ, హెచ్ ఊరికే వచ్చి కూర్చోలేదు. ఒకప్పుడు అది గొంతులోంచి రాసుకుంటూ వచ్చే ‘ఖ్’ లాంటి ధ్వని. రాత్రి అనే అర్థంలోని నైట్‌ని ‘నిఖ్ట్’ అన్నట్టు పలికేవారు. జర్మన్లు ఇప్పటికీ ‘నాఖ్ట్’ అంటారు. 1476లో ఇంగ్లండ్ తొలి ముద్రాపకుడు విలియం కాక్స్టన్ లండన్ దగ్గరి వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక రాత మెల్లగా స్థిరపడుతూ వచ్చింది. పలుకు మాత్రం ఆగలేదు. కొన్ని మాటల్లో ఆ ధ్వని ‘ఫ్’ అయింది, చాలావాటిలో పూర్తిగా పోయింది.

అన్నీ అలాంటివే అనుకోకూడదు. డిలైట్ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. దానికి ఈ అక్షరాలు మొదట లేవు, లైట్‌ని చూసి తర్వాత తగిలించారు. బీలో పిల్లలు “ఇది ఏ భాష మాట?” అని అడగొచ్చు కదా. ఈ కథలు తెలిసిన పిల్లలకే ఆ జవాబు అక్కరకొస్తుంది.

మన తెలుగు సంఘం నడిపే స్పెల్లింగ్ బీ ప్రాక్టీసు క్లాసుల్లో వారానికి వంద మాటలు అప్పజెప్పించుకోవడం మానేద్దాం. ఇరవై చాలు. కానీ ఆ ఇరవైకీ పుట్టిల్లు చెబుదాం. అందులో మన పెద్దలూ పాలుపంచుకోవచ్చు. నైట్‌కి సంస్కృతంలో రాత్రి అనే అర్థమున్న నక్తం, ఎయిట్‌కి అష్ట చుట్టాలు. నక్తంచరులంటే ఎవరో మన అమ్మమ్మలకు తెలియదా?

ఆ రోజు ఇదంతా చెప్పాక కాగితం మీద డాటర్ అని ఇంగ్లీషులో రాసి, కింద కూతురనే అర్థమున్న సంస్కృత మాట ‘దుహిత’ని తెలుగులో రాశాను. రెండూ ఒకే పాత మాటకు పుట్టిన పిల్లలన్నాను. మా అమ్మాయి కాసేపు చూసి, ఒక వేలు జీ, హెచ్ మీద, ఇంకో వేలు ‘హి’ మీద పెట్టింది.

“ఇదేనా నాన్నా?”