అన్నప్రాసన నాటి కౌన్సెలింగ్

తెలుగువాడికి తన భవిష్యత్తును తానే ఎంచుకునే అవకాశం జీవితంలో ఒక్కసారి వస్తుంది. అది ఆరో నెలలో వస్తుంది. అన్నప్రాసన నాడు చాప మీద పుస్తకం, కలం, కత్తి, పువ్వు, డబ్బు, బంగారం వరసగా పెట్టి పసివాణ్ణి వదిలితే, వాడు పాకుతూనో దొర్లుతూనో వెళ్లి మనసుకు నచ్చినదాన్ని పట్టుకుంటాడు. పుస్తకం పట్టుకుంటే పండితుడని, కత్తి పట్టుకుంటే వీరుడని, డబ్బు పట్టుకుంటే వ్యాపారి అని పెద్దలు మురిసిపోతారు. ఏది పట్టుకున్నా ఎవరూ తల పట్టుకోరు. మాట రాని వయసులో ఆరు దారులు చూపించిన ఆ పెద్దలే, మాటలు బాగా వచ్చిన పదిహేనో ఏట అదే పిల్లవాడి ముందు రెండు వస్తువులు మాత్రం పెడతారు. ఒకటి ఎంపీసీ, రెండోది బైపీసీ.

దీనికి కొందరు విద్యావేత్తలు నొచ్చుకుంటుంటారు. నేను వారితో ఏకీభవించను. ఇంటర్మీడియెట్ బోర్డు 1971లో పుట్టిన నాటి నుంచి మన పిల్లలకు ఎన్నో గ్రూపులు అందుబాటులో ఉంచిందన్న మాట నిజమే. అయితే పెళ్లి భోజనంలో కాకరకాయ వేపుడు కూడా అందరికీ అందుబాటులోనే ఉంటుంది. సీఏ చదవాలనుకునే వాళ్లకు ఎంఈసీ ఉంది. సీఈసీ కూడా ఉంది కానీ, 'మావాడు సీఈసీ తీసుకున్నాడండీ' అన్న మాటను మన వాళ్లు 'మావాడికి పచ్చకామెర్లు వచ్చాయండీ' అన్న స్వరంలోనే చెబుతారు. ఇక హెచ్ఈసీ పేరును మర్యాదస్తుల ఇళ్లలో పైకి పలకరు.

ఎంపిక విధానం మాత్రం పూర్తిగా శాస్త్రీయమైనది. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయని చెప్పిన వాణ్ణి ఎంపీసీలో వేస్తారు. లెక్కలంటే భయమని చెప్పిన వాణ్ణి బైపీసీలో వేస్తారు. రెండూ భయమేనని చెప్పిన అమాయకుణ్ణి ఎంపీసీలోనే వేసి, భయం పోవడానికి హాస్టల్లో కూడా వేస్తారు. ఏది ఇష్టం అన్న ప్రశ్న ఈ విధానంలో ఎక్కడా తలెత్తదు కనుక నిర్ణయం త్వరగా జరుగుతుంది. ఎంత త్వరగా అంటే, సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఇంటికి వచ్చి, మార్చిలో రాయబోయే పరీక్షలో మన పిల్లవాడికి రాబోయే మార్కులను ముందే మెచ్చుకుని, ఈ వారంలో కడితే ఫీజులో రాయితీ అని చెప్పి, అడ్వాన్సు పుచ్చుకుని వెళ్తాడు. ఇంకా ముందుచూపు గల తల్లిదండ్రులు ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పిస్తున్నారు. అన్నప్రాసన నాడే ఆవకాయ అని పెద్దలు ఏనాడో వెక్కిరించిన పద్ధతిని ఇప్పుడు ఫీజు కట్టి మరీ ఆచరిస్తున్నాం. సామెతను ఇంత చిత్తశుద్ధితో అమలు చేసిన జాతి మరొకటి ఉంటుందని నేననుకోను.

ఈ విధానాన్ని దగ్గర నుంచి చూసే భాగ్యం నాకు కలిగింది. పదో తరగతి ఫలితాలు వచ్చిన మూడో నాడు బెజవాడలో మా అక్క ఇంట్లో సభ జరిగింది. మా బావ, బావగారి అన్నగారు, అమెరికా నుంచి ఫోనులో కనబడుతూ మా పెద్దమ్మ కొడుకు, పక్క వాటాలో ఉండే రిటైర్డు బ్యాంకు మేనేజరు గారు, నేను హాజరయ్యాం. నా మేనల్లుడు మాత్రం లేడు. వాణ్ణి ఇడ్లీలు తేవడానికి పంపారు. వాడు పొట్లాలతో తిరిగి వచ్చేసరికి ఎంపీసీ అని తేలిపోయింది. హాస్టలా, డే స్కాలరా, ఏ బ్యాచ్ అన్న చిల్లర విషయాలే మిగిలాయి. వాడు పొట్లాలు బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగి, "మామయ్యా, నేను హెచ్ఈసీ తీసుకుంటాను" అన్నాడు.

నిశ్శబ్దం ఎంతసేపు సాగిందంటే, అమెరికాలో ఉన్న మా అన్నయ్య లైను తెగిపోయిందనుకుని "హలో, వినిపిస్తోందా?" అని అడిగాడు. మా అక్క వాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. బ్యాంకు మేనేజరు గారు గొంతు తగ్గించి, క్లాసులో అమ్మాయి ఎవరైనా ఆ గ్రూపులో చేరుతోందేమో కనుక్కోమన్నారు. మా బావ మాత్రం సూటిగా, "హిస్టరీ చదివి ఏం చేస్తావురా?" అని అడిగారు. ఎంపీసీ చదివి ఏం చేస్తావని అడిగిన తండ్రి రెండు రాష్ట్రాల్లోనూ నాకు తారసపడలేదు. ఆ ప్రశ్న హిస్టరీకి మాత్రమే ప్రత్యేకించినది. వాడు తడుముకోకుండా, అమరావతి స్తూపం శిల్పాలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఎందుకున్నాయో, అక్కడిదాకా ఎలా వెళ్లాయో తెలుసుకోవాలని ఉందన్నాడు. మా బావ ఆలోచించి, ఎంతో ఉదారంగా, "అంతే కదా, ముందు ఎంపీసీ చెయ్యి, బీటెక్ అయ్యాక ఎమ్మెస్‌కి లండన్ వెళ్లి చూసుకుందువుగాని" అన్నారు. ఇడ్లీలు చల్లారిపోతున్నాయని అక్క హెచ్చరించడంతో సభ ముగిసింది.

వాడికి మిగిలిన ఏకైక స్వేచ్ఛ రెండో భాష. అందులో సంస్కృతం తీసుకున్నాడు, అంటే తీసుకోబడింది. ఎంపీసీకి మొన్నమొన్నటిదాకా మొదటి ఏడు 470, రెండో ఏడు 530, వెరసి 1000 మార్కులు ఉండేవి. 470కి 467 వస్తే పోయిన ఆ మూడూ ఎక్కడ పోయాయని ఇల్లంతా వెతికే సంస్కృతి మనది. అటువంటి చోట తెలుగు వంటి ప్రమాదకరమైన భాషతో చెలగాటమాడటం తగదు. సంస్కృతంలో మంచినీళ్లు అడగలేని వాడికి కూడా అందులో నూటికి తొంభై ఎనిమిది వస్తాయి కనుక, దేవభాష మీద మనకున్న భక్తి రెండేళ్ల పాటు చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఆ తరవాతి కథ పాఠకులకు తెలిసిందే. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో 160 ప్రశ్నలకు 180 నిమిషాల్లో జవాబులు గుర్తించి, వచ్చిన ర్యాంకుకు వచ్చిన కాలేజీలో కంప్యూటర్ సైన్సు చదువుతారు. రాకపోతే కంప్యూటర్ సైన్సులోనే కృత్రిమ మేధ, లేదా డేటా సైన్సు, లేదా సైబర్ సెక్యూరిటీ చదువుతారు. నెయ్యి ఇడ్లీ, కారప్పొడి ఇడ్లీ, సాంబారు ఇడ్లీ అన్నట్టు పేర్లు వేరైనా పిండి ఒకటే కనుక ఎవరూ నష్టపోరు.

ఇంతకంటే నన్ను ముగ్ధుణ్ణి చేసేది దీని తరవాతి ఘట్టం. బీటెక్ పూర్తయిన ఈ యువకుల్లో చాలామంది హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మంచానికి ఇంత అని అద్దె కట్టి, గ్రంథాలయంలో కుర్చీ కోసం తెల్లవారుజామునే లేచి, గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షలకు చదువుతుంటారు. అక్కడ వాళ్లు చదివేవి చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజ్యాంగం. అంటే హెచ్, ఈ, సీ. పదిహేనో ఏట ప్రభుత్వ జూనియర్ కాలేజీలో దాదాపు ఉచితంగా దొరికే గ్రూపును కాదని, పాతికో ఏట కోచింగ్ సెంటరులో డబ్బు పోసి అదే గ్రూపు కొనుక్కోవడంలో ఉన్న పరిపక్వత వేరు. ఇంటర్‌లో మార్కుల కోసం తెలుగును వదిలేసిన వాడే, సివిల్స్‌లో మార్కుల కోసం తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికంగా తీసుకుని, ఛందస్సు నోట్సు జిరాక్సు తీయించుకోవడం కూడా నేను చూశాను. 2017 సివిల్స్‌లో దేశానికే మొదటి ర్యాంకు తెచ్చుకున్న మెట్‌పల్లి యువకుడు దురిశెట్టి అనుదీప్ ఇంజనీరింగ్ పట్టభద్రుడు. ఆయన ఐచ్ఛికంగా తీసుకున్నది మానవ శాస్త్రం. మనుషుల గురించి చదివితే అంత ఎత్తుకు వెళ్లవచ్చని దీన్నుంచి ఎవరైనా అనుకుంటారేమో గానీ, మా బావ మాత్రం ఐఏఎస్ కావాలన్నా ముందు ఎంపీసీ తప్పదని దీన్నుంచే రుజువు చేశారు.

బావను తప్పు పట్టలేను. ఆయన కోరేది గ్యారంటీ ఒక్కటే. కొడుకు జీవితాన్ని అదృష్టానికి వదిలేయడం ఆయనకు ఇష్టం లేదు. అందుకే ఎంపీసీ, బీటెక్, ఎమ్మెస్, ఆ పైన అమెరికాలో ఉద్యోగం అని వరసగా రాసి పెట్టుకున్నారు. ఆ చివరి మెట్టు దగ్గర ఏడాదికి 85,000 హెచ్-1బీ వీసాలే ఉంటాయని, దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు వస్తాయి కనుక లాటరీ తీస్తారని, పైగా 2025 సెప్టెంబరులో అక్కడి అధ్యక్షుడు కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము వేశాడని నేను వినయంగా మనవి చేశాను. ఆయన నా వైపు జాలిగా చూసి, లాటరీ అయితే ఏమిటి, హిస్టరీ వాళ్లకు ఆ లాటరీలో చీటీ అయినా ఉండదు కదా అన్నారు. ఈ తర్కానికి నా దగ్గర జవాబు లేదు.

అయినా పౌరుడిగా నా బాధ్యత నాకుంది కనుక ఉభయ ప్రభుత్వాలకూ ఒక ప్రతిపాదన పంపుదామనుకుంటున్నాను. ఎంట్రన్సు పరీక్షలు, వెబ్ ఆప్షన్లు, మూడు విడతల కౌన్సెలింగు అన్నీ రద్దు చేసి, అన్నప్రాసననే ఏకైక ప్రవేశ పరీక్షగా గుర్తించాలి. చాప కాలేజీలది కాక ఇంటిదే అయి ఉండాలి. చాప మీద ఆరు వస్తువులకు తగ్గకూడదు. పసివాడికి సమయ పరిమితి గానీ, తప్పు పట్టుకుంటే మార్కుల కోత గానీ ఉండకూడదు. కలాన్ని పిల్లవాడి దగ్గరికి కాలితో జరిపే మేనమామలను మాల్ ప్రాక్టీసు కింద బుక్ చేయాలి. వాడు పట్టుకున్న వస్తువును పుట్టిన తేదీ ధ్రువపత్రం మీదే నమోదు చేస్తే, పదిహేనేళ్ల తరవాత ఇడ్లీలు చల్లారబెట్టుకునే అవసరం ఎవరికీ రాదు.

చిత్తుప్రతిని మొదట మా అక్కకు చదివి వినిపించాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా, వత్తులు చేసుకుంటూ ఆసాంతం శ్రద్ధగా విన్నది. మా మేనకోడలికి వచ్చే నెలలో పురుడు. అక్క వత్తుల పళ్లెం పక్కన పెట్టి, గొంతు తగ్గించి అడిగింది: "ఏరా, దీనికి కోచింగ్ ఎక్కడ బాగుంటుంది?"