డెన్మార్క్‌లో యంత్రం పల్లెకూ వచ్చింది
డెన్మార్క్ పారిశ్రామికీకరణ, సామాజిక మార్పు గురించి మీరు వేసిన వ్యాసం బాగుంది. కానీ ఆ కథను రాజధాని కోపెన్‌హేగన్ ఫ్యాక్టరీల చుట్టూనే తిప్పి, పల్లెల్లో రైతులే కలిసి నడుపుకున్న సహకార డెయిరీలను ఒక్క వాక్యంతో దాటేయడం అన్యాయం.

1870ల తర్వాత అమెరికా, రష్యా ధాన్యం వచ్చిపడి ధరలు కుంగాయి. రైతులు పాడి వైపు మళ్లారు. అయితే పాత పద్ధతిలో పాలను చల్లటి చోట గంటల తరబడి కదపకుండా ఉంచితేనే మీగడ తేలేది. బండిలో కుదుపులు తిన్న పది ఇళ్ల పాలు కలిపితే సరిగా తేలదు. అందుకే నాణ్యమైన వెన్న పెద్ద ఎస్టేట్ల సొత్తుగా ఉండేది. 1878 నాటికి వచ్చిన సెపరేటర్, అంటే పాలను వేగంగా తిప్పి మీగడను వేరుచేసే యంత్రం, ఆ అడ్డు తొలగించింది. 1882లో డెన్మార్క్ ద్వీపకల్ప ప్రాంతమైన యూట్లాండ్ పశ్చిమాన యెడ్డింగ్ అనే ఊళ్లో తొలి సహకార డెయిరీ నడిచింది.

ఈ డెయిరీల అసలు బలం వాటి నియమాల్లో ఉంది. ఇంటికి ఉంచుకోగా మిగిలిన పాలన్నీ డెయిరీకే పోయాలి, అప్పుకు అందరిదీ ఉమ్మడి పూచీ, ఆవులు ఎన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. మీగడ తీసిన పాలు తిరిగి రైతుకే, అతని పందులకే. 1887లో హోర్సెన్స్ పట్టణంలో సహకార పంది మాంసం ఫ్యాక్టరీ కూడా వచ్చింది.

చిక్కులూ లేకపోలేదు. బరువును బట్టి డబ్బిస్తే పలచటి పాలు పోసినవాడికే లాభం. పాలలో కొవ్వు ఎంతో చూసే పరీక్ష వచ్చాకే అది సర్దుకుంది. మీగడ తీసిన అన్ని ఇళ్ల పాలు కలిసి వెనక్కి వెళ్లడంతో పశువుల్లో క్షయ పాకింది. 1898 చట్టం ఆ పాలను 85 డిగ్రీలకు కాచి ఇవ్వాలంది.

ఇంకోటి, అంతకుముందు వెన్న తీయడం ఎక్కువగా ఆడవాళ్ల పని. డెయిరీలు వచ్చాక ఆ పని చాలావరకు జీతగాళ్లైన మగవాళ్ల చేతికి పోయింది. సామాజిక మార్పు అని శీర్షిక పెట్టిన వ్యాసంలో దీనికి చోటుండాల్సింది.