రెండోసారి వాచిన జ్ఞానదంతం: అక్కా తమ్ముళ్ల వాదోపవాదం

తమ్ముడి కింది దవడలో ఎడమవైపు జ్ఞానదంతం ఆరు నెలల్లో రెండుసార్లు వాచింది. వాపు తగ్గిన తరవాత దానిని తీయించాలా, ఉంచాలా అన్నదే ఈ వాదానికి విషయం. అక్కది తీయించాలనే పక్షం. తమ్ముడిది వద్దనే పక్షం. కుడివైపు జ్ఞానదంతాన్ని రెండేళ్ల కిందటే తీయించుకుని, ఆ పైన డ్రై సాకెట్‌తో, అంటే పన్ను తీసిన గుంటలో రక్తపు గడ్డ పోయి ఎముక బయటపడడంతో, బాధపడినవాడు కనుక అతడి మాట అనుభవం లేని మాట కాదు.

తమ్ముడు: అక్కా, ఈ రోజు నాకు నొప్పి లేదు, నోరు పూర్తిగా తెరుచుకుంటోంది. నొప్పి లేని పన్ను కోసం చిగురు కోయించుకుని, ఎముక కొంత తొలిపించుకుని, వారం పది రోజులు సరిగా నమలలేక అవస్థపడడం ఎందుకు? తీసిన పన్నును తిరిగి పెట్టలేరు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ కూడా, ఏ జబ్బూ లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయడం మానుకోవాలని 2000లోనే చెప్పింది.

అక్క: ఆ మార్గదర్శకంలో నీకు నచ్చిన సగమే చెబుతున్నావు. చిగురువాపు మొదటిసారి వచ్చి, మరీ తీవ్రంగా లేకపోతే పన్ను తీయనక్కరలేదని, రెండోసారి గానీ ఆ పైన గానీ వస్తే తీయడం సముచితమని అందులోనే ఉంది. నీకు వచ్చింది రెండోసారి. నీ పన్ను ముందుకు ఒరిగి సగమే బయటికి వచ్చింది. మిగతా సగం మీద చిగురు తొడుగులా కప్పి ఉంది. ఆ తొడుగు కిందికి ఆహారపు తునకలు చేరతాయి గాని బ్రష్ చేరదు. మందు బిళ్లలు వాపును తగ్గించాయే తప్ప ఆ సందును పూడ్చలేదు. నా సంగతి నీకు తెలిసిందే. నొప్పి లేదు కదా అని నాలుగేళ్లు ఊరుకున్నాను. చివరికి ఎక్స్‌రే తీస్తే, జ్ఞానదంతం ఒరిగి ఆనుకున్న చోట పక్కనున్న దవడ పన్ను వెనక భాగం వేరు దాకా పిప్పిపట్టి ఉంది. రెండూ పోయాయి. జ్ఞానదంతంతో నేను ఏనాడూ నమిలింది లేదు, కాని ఆ దవడ పన్ను లేని లోటు మాత్రం ఇప్పటికీ ప్రతి పూటా తెలుస్తోంది.

తమ్ముడు: నీ నష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే తీయించడంలో ఉన్న నష్టాన్ని నువ్వు తక్కువ చేస్తున్నావు. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం దవడ ఎముక లోపలి నుంచే వెళుతుంది, జ్ఞానదంతం వేర్లు కొందరిలో దానిని ఆనుకునే ఉంటాయి. నాలుకకు వెళ్లే నరం లోపలివైపు చిగురుకు బాగా దగ్గరగా ఉంటుంది. వాటికి దెబ్బ తగిలితే వచ్చే తిమ్మిరి చాలామందిలో వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది, కొద్దిమందిలో మాత్రం శాశ్వతంగా మిగిలిపోతుంది.

అక్క: ఇది న్యాయమైన భయమే. పన్ను తీయిస్తే కంటిచూపు తగ్గుతుందన్న భయంలాంటిది కాదు. చూపునిచ్చే నరానికీ పళ్ల నరాలకూ సంబంధం లేదు. కాని ఈ దవడ నరం సంగతి ఊహించుకుంటూ కూర్చోనక్కరలేదు, ఎక్స్‌రేలో చూడవచ్చు. అనుమానం మిగిలితే త్రీడీ స్కాన్ తీస్తారు. వేర్లు నిజంగా నరాన్ని తాకుతూ ఉంటే, పన్ను పైభాగాన్ని మాత్రమే తొలగించి వేర్లను అలాగే వదిలేసే పద్ధతి కూడా ఉంది. పైగా వయసు పెరిగేకొద్దీ ఎముక గట్టిపడి, ఇదే పని మరింత కష్టమవుతుంది.

తమ్ముడు: నిజం చెబుతాను, తీయడం నన్ను భయపెట్టలేదు. మత్తు సూది ఇచ్చాక నొప్పి తెలియలేదు. పంటిని అటూ ఇటూ కదుపుతున్నప్పుడు ఒత్తిడి, ఎముకలో నుంచి వినిపించే చిటపటలు మాత్రమే తెలిశాయి. నన్ను భయపెట్టింది మూడో రోజు. అప్పటికి తగ్గుతుందనుకున్న నొప్పి తిరగబెట్టి, పోటు చెవి దాకా, కణత దాకా పాకింది. నోరంతా దుర్వాసన. బిళ్లలు వేసుకున్నా గంట నిద్రపట్టలేదు. అద్దంలో చూస్తే పన్ను ఉన్న చోట ఖాళీ గుంట, దాని అడుగున ఎముక. డాక్టరు కడిగి మందు పెట్టిన కాసేపటికే ఉపశమనం కలిగింది గాని, ఆ మందు మార్పించుకోవడానికి మరి రెండుసార్లు వెళ్లవలసి వచ్చింది. క్రాఫర్డ్ అనే దంతవైద్యుడు 1896లోనే వర్ణించిన ఈ బాధ, మిగతా పళ్లకంటే కింది జ్ఞానదంతాలు తీసినప్పుడే చాలా ఎక్కువగా వస్తుందట. అదే చోటికి మళ్లీ వెళ్లమంటావా?

అక్క: వెళ్లమనే అంటాను, కాని అలాగే వెళ్లమనను. ఆ మొదటి రెండు రోజులు నువ్వు ఏం చేశావో నేను చూశాను. ఉమ్మిలో ఎరుపు కనిపించిందని సాయంత్రమంతా ఉమ్ముతూనే ఉన్నావు. నోరు శుభ్రంగా ఉండాలని ఆ రాత్రే గట్టిగా పుక్కిలించావు. మర్నాడు సిగరెట్ తాగావు. పన్ను తీసిన గుంటలో రక్తం నిండి గడ్డకడుతుంది. అదే ఎముకను కప్పి ఉంచుతుంది, కొత్త కణజాలం అల్లుకునేది కూడా దానిలోకే. ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా, పొగ లాగినా నోట్లో పుట్టే ఒత్తిడికి ఆ గడ్డ కదిలిపోవచ్చు. సిగరెట్‌లోని నికోటిన్ రక్తనాళాలను కుదించి, మానడాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది.

తమ్ముడు: అంటే తప్పంతా నాదేనన్నమాట. పన్ను తీయించుకున్న మనిషి చేతిలో నాలుగు ముక్కలు రాసిన కాగితం పెట్టి పంపించారు. ఆ గడ్డ ఎందుకు ఉండాలో ఒక్కరూ చెప్పలేదు. పైగా అన్నీ పాటించినా డ్రై సాకెట్ వచ్చినవాళ్లు ఉన్నారు.

అక్క: ఉన్నారు, ఆ మాట ఒప్పుకుంటాను. కష్టపడి తీయవలసి వచ్చిన పంటిలోనూ, గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలోనూ జాగ్రత్తగా ఉన్నా ఆ ప్రమాదం ఎక్కువే. నిన్ను నిందించడానికి చెప్పలేదు; మన చేతిలో ఉన్నంతవరకు ఈసారి వదులుకోకూడదని చెబుతున్నాను. పెట్టిన గాజుగుడ్డను అరగంట, ముప్పావుగంట గట్టిగా కొరికిపట్టి ఉంచాలి. రక్తం రెండు చుక్కలు కలిసినా ఉమ్మి అంతా ఎర్రగానే కనిపిస్తుంది, దానిని మింగేయాలి. మత్తు పూర్తిగా వదలకముందే నొప్పి బిళ్ల వేసుకోవాలి. మొదటి రోజు చల్లని కాపడం ఇరవై నిమిషాలు పెట్టి, ఇరవై నిమిషాలు తీయాలి. వాపు రెండు మూడు రోజులకు ఎక్కువై, ఆ తరవాతే తగ్గుతుంది; నిరుడు అది చూసి నువ్వు అనవసరంగా కంగారుపడ్డావు. ఇరవై నాలుగు గంటలు దాటాకే గోరువెచ్చని ఉప్పునీళ్లు, అవి కూడా నోట్లో మెల్లగా అటూ ఇటూ తిప్పి జారవిడవడమే. గుంట మీద తెల్లగా, పసుపుగా పొర కనిపిస్తే చీము అనుకుని గీకకూడదు, అది మానుతున్న గాయం పొరే.

తమ్ముడు: నిరుడు కాదక్కా, రెండేళ్లయింది. ఇవన్నీ నేను పాటించగలను. అయినా మూడోసారి వాస్తే అప్పుడే తీయించుకుంటానంటే నీకున్న అభ్యంతరం ఏమిటి?

అక్క: అసలు అభ్యంతరం అక్కడే ఉంది. వాచి చీముపట్టిన చోట మత్తు సూది సరిగా పనిచేయదు, దవడ బిగుసుకుని నోరు తెరుచుకోదు. ముందు వాపు తగ్గించి, తరవాత తీయవలసి వస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, కింది దవడ పళ్ల చీము నాలుక కిందికీ మెడలోకీ పాకడం. జర్మన్ వైద్యుడు లుడ్విగ్ 1836లో వర్ణించిన ఆ జబ్బులో మింగడమే కాదు, ఊపిరి తీయడం కూడా కష్టమవుతుంది. అది అరుదే, ఆ పేరు చెప్పి నిన్ను బెదిరించను. కాని పన్ను నిమ్మళంగా ఉన్న ఈ రోజుల్లో తీయడం డాక్టరుకూ తేలిక, గాయం మానడానికీ మేలు. నొప్పి లేదు కనుక వద్దంటున్నావు; నొప్పి లేదు కనుకే ఇప్పుడు తీయించమంటున్నాను.

తమ్ముడు: ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేదు. ముందు ఎక్స్‌రే తీయిస్తాను. వేర్లు నరానికి దూరంగా ఉంటే అక్కడే తేదీ అడుగుతాను, సిగరెట్ ఈ రోజు నుంచే ఆపుతాను. నరాన్ని తాకుతున్నాయని తేలితే మాత్రం, వేర్లు వదిలేసే పద్ధతి గురించి ఇంకొక సర్జన్‌ను కూడా అడిగేదాకా నువ్వు నన్ను తొందరపెట్టకూడదు. మూడో రోజు నొప్పి తిరగబెడితే ఓర్చుకోమని చెప్పకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి.

అక్క: తొందరపెట్టను. మూడో రోజు నేను సెలవు పెట్టి నీ దగ్గరే ఉంటాను.