ఒక్కడే మిగిలితే తలసరి సాయం అదిరిపోద్ది

పసిఫిక్ సముద్రంలోని చిన్న ద్వీప దేశాల్లో మనిషికి ఎంత విదేశీ సాయం అందుతుందో చూపించే బార్ గ్రాఫ్ మళ్లీ షేర్లు కొట్టుకుంటూ తిరుగుతోంది. నియూ, తువాలు, నౌరు పైన ఎక్కడో, పాపువా న్యూగినీ అడుగున, కింద మన వాట్సాప్ ఆర్థికవేత్త గారి తీర్పు: "ఎలా తిని కూర్చుంటున్నారో చూడండి". ఆస్ట్రేలియా సాయంలో పెద్ద వాటా పోయేది పాపువా న్యూగినీకే సార్, కాకపోతే అక్కడ దగ్గర దగ్గర కోటి మంది ఉండి చచ్చారు, భాగిస్తే చిల్లర మిగుల్తుంది.

నియూ వాళ్లు అలాంటి తప్పు చెయ్యలేదు. 1960ల్లో 5 వేల మంది ఉండేవాళ్లు, పుట్టుకతోనే న్యూజిలాండ్ పౌరసత్వం కాబట్టి చదువనీ ఉద్యోగమనీ ఆక్లాండ్ ఫ్లైట్ ఎక్కేసి ఇప్పుడు దాదాపు 1,700 మంది మిగిలారు, ఎక్కిన ప్రతి మనిషికీ గ్రాఫులో బార్ కాస్త లేస్తుంది. ఇదే స్పీడులో పోయి చివరికి ఒక్క పెద్దాయన మిగిలాడనుకోండి. రేవు ఆయనదే, రన్‌వే ఆయనదే, ఆసుపత్రిలో బెడ్లన్నీ ఆయనవే. పొద్దున ఆర్థిక మంత్రి హోదాలో సాయం ఒప్పందం మీద సంతకం పెడతాడు, సాయంత్రం లబ్ధిదారుడిగా వేలిముద్ర వేస్తాడు. సాయం సక్రమంగా చేరిందా లేదా అని సర్వే చెయ్యడానికి వెల్లింగ్టన్ నుంచి కన్సల్టెంట్ దిగుతాడు, ఆయన్నే ర్యాండమ్‌గా ఎంపిక చేస్తాడు, హోటల్ బిల్లూ ఫీజూ మళ్లీ పెద్దాయన తలసరిలోనే కలిపేస్తారు. పెద్దాయనకి విసుగొచ్చి కూతురి దగ్గరికి ఆక్లాండ్ వెళ్లిపోయిన రోజు సున్నాతో భాగించాల్సొచ్చి ఎక్సెల్ చేతులెత్తేస్తుంది.

2004 జనవరిలో హేటా తుఫాను అదే నియూ ఆసుపత్రిని ఊడ్చేసింది. మళ్లీ కట్టాలి కదా, మాది చిన్న దేశం సగం ఎక్స్‌రే మెషిన్ ఇవ్వండి అంటే ఎవడిస్తాడు?

సెయింట్ హెలెనా ఇంకా ఘోరం (దేశం కాదులెండి, అట్లాంటిక్‌లో బ్రిటన్ ఏలుబడిలోని దీవి). 4,500 మందికి 28.5 కోట్ల పౌండ్లతో ఎయిర్‌పోర్టు, అంటే తలకి 63 వేల పౌండ్లు! కట్టాక చూస్తే గాలి అడ్డదిడ్డంగా కొడుతోందని 2016లో ప్రారంభం వాయిదా, రెగ్యులర్ విమానం 2017 అక్టోబర్లో గానీ దిగలేదు. ఆ 63 వేలు ఏవని జేబులు తడుముకుంటే అక్కడి జనానికి దొరికేది ఆ గాలే.

సరే నవ్వుకున్నాం, ఇప్పుడు నౌరు సంగతి చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి కమిషన్ పెట్టుకుని, 21 చదరపు కిలోమీటర్ల దీవి నడిమధ్యనంతా ఫాస్ఫేట్ కోసం తోడేసి, మార్కెట్ రేటు కంటే చౌకగా తమ పొలాలకి ఎరువు తోలుకున్నారు. 1968లో స్వతంత్రం వచ్చాక ఉన్న డబ్బు వాళ్ల నాయకులూ తగలేశారు, కాదనను. కానీ పాడుచేసిన నేలకి పరిహారం ఇవ్వమని 1989లో అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎక్కితే తప్ప ఆస్ట్రేలియా దిగిరాలేదు, 1993లో 10.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకి సెటిల్మెంట్ చేసుకుంది. 2001కల్లా తన గడ్డ మీద అడుగు పెట్టనివ్వని శరణార్థుల్ని తీసుకెళ్లి అదే దీవిలో క్యాంపులో పడేసింది, మూసేసి 2012లో మళ్లీ తెరిచింది. ఇన్ని చేసి ఇచ్చినదాన్ని సాయం అని రాసుకోవడానికి వాళ్లకి సిగ్గు లేదు, దాన్ని తలకింతని పంచి చూపించడానికి వీళ్లకి బుద్ధి లేదు, అసలు అక్కడ తిని కూర్చున్నది ఎవడ్రా?