ప్రోటమిన్ గారికి ఒక శాకాహార కుటుంబం విన్నపం

మహారాజశ్రీ ప్రోటమిన్ అనే ప్రోటీన్ గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

మా ఇంట్లో వెల్లుల్లికే ప్రవేశం లేదు. కేకు కొంటే గుడ్డు వేశారా అని ఒకటికి రెండుసార్లు అడుగుతాం. అలాంటి ఇంటి ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కనే, నాన్నగారి 30/70 ఇన్సులిన్ సీసాలో మీరు ఏళ్ల తరబడి కాపురం ఉంటున్నారు. అందులో 70 పాళ్లుండే తెల్లటి మందులో ఇన్సులిన్‌ను పట్టి ఉంచి నిదానంగా వదిలేది మీరేనట. మీ పుట్టిల్లు చేప వీర్యమట! సీసాను కుదపకూడదు కదా, నాన్నగారు రోజూ రెండు అరచేతుల మధ్య పెట్టుకుని భక్తిగా దొర్లిస్తారు. ఎవరికి దణ్ణం పెడుతున్నారో ఆయనకు తెలియదు. చెబితే షుగరు సంగతి తర్వాత, ముందు బీపీ పెరుగుతుంది.

1874లో స్విట్జర్లాండ్ నగరం బాసెల్‌లో ఫ్రీడ్రిష్ మీషర్ అనే శాస్త్రవేత్త రైన్ నది సాల్మన్ చేపల్లో మిమ్మల్ని కనిపెట్టాడు. సరళ ప్రోటీన్ల వరసలో కూర్చోబెట్టారు. వీర్యకణంలో డీఎన్ఏను బిగించి చుట్టిపెట్టే ఉద్యోగం మీది. అది చూసుకోక, 1936లో డెన్మార్క్‌లో హాగెడోర్న్ అనే డాక్టరు పిలిచాడని ఇన్సులిన్‌లో చేరారు. దాంతో రోజుకు పొడిపించుకోవాల్సిన సూదులు తగ్గాయి. సరే, ఒప్పుకున్నాం.

ఆపరేషన్ థియేటర్లో మీ హడావిడి ఇంకోటి. బైపాస్ చేసేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. అది ఎక్కువగా పంది పేగుల నుంచి వస్తుంది, దాని ఒంటినిండా రుణావేశం. మీకేమో అర్జినిన్ అనే అమైనో ఆమ్లం దండిగా ఉండబట్టి ధనావేశం. పని అయిపోగానే మీరొచ్చి దాన్ని కావలించుకుని కదలనివ్వరు. జీవితంలో కోడిగుడ్డు ముట్టని పెద్దమనిషి నెత్తుట్లో పందికీ చేపకూ పెళ్లి! పురోహితుడు అనస్తీషియా డాక్టరు.

పోనీ బుద్ధిగా ఉంటారా? త్వరపెట్టి ఎక్కిస్తే బీపీ పడేస్తారు. డోసు మించితే, రక్తం గడ్డకట్టించడానికి వచ్చిన మీరే దాన్ని గడ్డకట్టనివ్వరు. చేపలు పడనివాళ్ల మీద, మిమ్మల్ని ఇన్సులిన్‌లో ఏళ్లుగా భరించినవాళ్ల మీద కూడా ఒక్కోసారి విరుచుకుపడతారు. ఇదేం విశ్వాసం? వేసెక్టమీ (మగవాళ్లకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్) అయినవాళ్లకూ మీతో ముప్పు ఉండొచ్చంటారు, ఎందుకంటే మనిషి వీర్యంలోనూ మీ దాయాదులు ఉన్నారు. ఆ లెక్కన నాన్నగారు మీకు చుట్టమే. ఈ ముక్క కూడా ఆయనకు చెప్పేది లేదు.

బిస్కెట్ ప్యాకెట్ మీద ఉండే ఆకుపచ్చ చుక్క మందు సీసా మీద ఎందుకు లేదని ఆయన అప్పుడప్పుడూ అడుగుతుంటారు. మేం మాట మారుస్తున్నాం. ఎప్పుడైనా నిలదీస్తే, సోయా చిక్కుళ్ల వైపు బంధువునని మీరే చెప్పుకోండి.

ఇట్లు,
మీ సీసా కొనుక్కొచ్చే కొడుకు