వేలాడే మైకు గారికి, మంచం కింద నుంచి ఒక మనవి

మైకు గారూ,

మీరు క్షేమమేనా అని అడగక్కర్లేదు. మొన్న హాలు బుక్ చేయడానికి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. పోయిన ఏడాది ఎక్కడ వేలాడారో అక్కడే, స్టేజీ ముందు భాగంలో నటుడి నెత్తికి నాలుగు జానల పైన, నల్ల తీగకి బల్లిలా ఉన్నారు. అన్నదమ్ములు ముగ్గురూ ఉన్నారు. మధ్యాయన పనిచేస్తారు. ఎడమవైపు ఆయన మూడ్‌ని బట్టి పనిచేస్తారు. కుడివైపు ఆయన సాలెగూడుతో సహా అలంకారం.

మేం విజయనగరం కుర్రాళ్ళం. పదకొండుమందిమి. ఇద్దరు డిగ్రీ చదువుతున్నారు, ఒకడు సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు, ఒకమ్మాయి వీణ నేర్చుకుంటోంది, మిగతావాళ్ళం ఏం చేస్తున్నామని ఇంట్లో రోజూ అడుగుతుంటారు. ఈసారి ఒక సీజన్ మొత్తం నాటకాలు వేయాలని నిర్ణయించుకున్నాం. సిరిమాను సంబరం అయ్యాక నవంబరులో మొదలుపెట్టి, ఏప్రిల్ 16న ముగించాలి. ఆ రోజు కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. మొత్తం నాలుగు నాటకాలు. ప్లాన్ వేయడానికి కూర్చున్న మొదటి మీటింగులో నాటకాల గురించి పావుగంట మాట్లాడుకున్నాం. మీ గురించి రెండున్నర గంటలు.

ఎందుకంటే మా దర్శకుడు మాస్టారే గానీ అసలు దర్శకులు మీరు. ఆయన సుద్దముక్కతో స్టేజీ మీద మూడు గుండ్రాలు గీశారు, ఒక్కొక్కరి కింద ఒకటి. గుండ్రంలో నిలబడితే నటుడు, రెండడుగులు బయటికి పడితే మూగవాడు. అందుకే తెలుగు నాటికలో ఇల్లు పెంకుటిల్లయినా, పన్నెండో అంతస్తు ఫ్లాటయినా, గొడవ మాత్రం ఎప్పుడూ ముందు గదిలో, నట్టనడుమ, జనం వైపు తిరిగి జరుగుతుంది. పెళ్ళాం మొగుణ్ణి తిడుతుంది గానీ మొగుడి మొహం చూడదు. ఆ మొహంలో మైకు లేదు. వెనక గోడ దగ్గర కుర్చీలో పక్షవాతంతో పడి ఉన్న తాతగారు కూడా చివరి మాట చెప్పాల్సి వచ్చేసరికి లేచి నడిచి ముందుకొస్తారు, మీ కింద నిలబడి చెప్పి, తిరిగి వెళ్ళి పడిపోతారు. జనం చప్పట్లు కొడతారు. వైద్యశాస్త్రం తలదించుకుంటుంది.

జనవరిలో పద్యనాటకం, పడక సీను. కృష్ణుడు పడుకుని ఉంటాడు, దుర్యోధనుడు తలవైపు, అర్జునుడు కాళ్ళవైపు. కళ్ళు తెరవగానే ముందు ఎవరిని చూస్తే వాళ్ళకి మొదటి అవకాశం. భారతయుద్ధం మలుపంతా ఆ చూపులోనే ఉంది కదా! మా కృష్ణుడు రిహార్సల్లో కళ్ళు తెరిచి ముందు చూసింది మిమ్మల్ని. మంచం దిగి, ఇద్దరు బావలనీ దాటుకుని, తిన్నగా మీ దగ్గరికొచ్చి రాగం అందుకున్నాడు. లెక్కప్రకారం కృష్ణుడి సాయం మీకే చెందాలి. అర్జునుడు పాపం చివరిదాకా మంచం కాళ్ళ దగ్గరే కూచుని, పద్యం అయ్యాక "వన్స్‌మోర్" అని తనే అరిచాడు. ఆ ఒక్క మాట బాగా వినబడింది.

ఫిబ్రవరిలో కొత్త నాటిక. మా వీణమ్మాయే రాసింది. ఆసుపత్రి వరండాలో రాత్రి రెండింటికి అన్నాచెల్లెళ్ళు నాన్న ఆస్తి గురించి గుసగుసగా మాట్లాడుకోవడం, అదీ కథ. చదివితే ఒళ్ళు జలదరించింది. కానీ మీకు గుసగుస వినబడదు. కాబట్టి ఇప్పుడు మా అన్నాచెల్లెళ్ళు నిద్రపోతున్న రోగుల మధ్య నిలబడి చేపల బజారులో బేరమాడినట్టు గుసగుసలాడుతున్నారు. పోనీ అని సౌండ్ పెంచితే కూత పెడతారు. సెల్‌ఫోన్ల వాడు దాని సంగతి మాకు విడమరిచి చెప్పాడు: స్పీకర్లోంచి బయటికొచ్చిన మీ మాటే మళ్ళీ మీ చెవిన పడుతుందిట, అది మళ్ళీ స్పీకర్లోకి, మళ్ళీ చెవిలోకి, అలా పొంగి పొంగి చివరికి కూతవుతుందిట. సొంత గొంతు వినగానే పొంగిపోయే జబ్బు మా హీరోకీ ఉంది కాబట్టి ఆ విషయంలో మిమ్మల్ని ఏమీ అనను.

కాలర్ మైకులు పెట్టుకోవచ్చుగా అంటారు. ఆ అద్దె అడిగాం. దుర్యోధనుడి కిరీటం, గద, నగలు, విగ్గు అన్నీ కలిపినా అంత కాలేదు. పైగా పోయినసారి అరువు తెచ్చిన ఒక్క కాలర్ మైకునీ భీముడి ఛాతీకి పెడితే, హారం రాసుకుని సంభాషణంతా ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు వినబడింది. ధర్మరాజు వచ్చి ఆప్యాయంగా కౌగలించుకునేసరికి బాంబు పడిందనుకుని ముందు వరసలో పిల్లాడు ఏడుపు అందుకున్నాడు.

మూడో సంగతి వీధినాటకం, మార్చిలో, మా ఊరి మూడు లాంతర్ల కూడలి దగ్గర. దానికి మిమ్మల్ని పిలవడం లేదు. ఆటోల హారన్లు, సోడాబండి, పక్క షాపులో పాటలు, వీటన్నిటి మీదుగా డప్పు కొట్టి జనాన్ని పోగుచేసి గొంతుతోనే నిలబెట్టాలి. మాలో ఆరుగురు అప్పుడే భయపడుతున్నారు. తప్పంతా మీదే అని నేననను. మేం పుట్టినప్పట్నుంచీ మూతికి రెండంగుళాల దూరంలో ఫోను పెట్టుకుని మాట్లాడుతున్నవాళ్ళం. మా మాట గది దాటదు. మొన్న ఒకడు స్టేజీ మీంచి డైలాగ్ చెబితే, మూడో వరసలో కూర్చున్న మాస్టారు "వాట్సాప్‌లో పెట్టరా, తర్వాత వింటాను" అన్నారు.

అన్నీ వదిలేసి అసలు మాటకి వస్తాను. నవంబరులో మొదటి ప్రదర్శన కన్యాశుల్కం. మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి అది నాటకం కాదు, ఇంటిపేరు. 1892లో మొదటిసారి ఇక్కడే ఆడారు. ఏడు అంకాల రెండో కూర్పు 1909లో వచ్చింది. దాన్ని పూర్తిగా ఆడే దమ్ము లేక మేం గంటన్నరకి కుదించాం. 1892లో ఆ నాటకం ఆడేటప్పుడు సభల్లో మాట పెంచే పనిలోకి మీ వంశం ఇంకా దిగలేదు. జనానికి వినబడింది కదా? ఇదే ఊళ్ళో ఆదిభట్ల నారాయణదాసు గజ్జెకట్టి హరికథ చెబుతుంటే, రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఐదింటికీ ఐదు తాళాలు నడుస్తుంటే, ఆయన నెత్తి మీద మీరెక్కడ వేలాడేవారు? తల ఊపినప్పుడల్లా మీకు తగిలేది. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆయనే మొదటి ప్రిన్సిపాల్. ఆ గుమ్మం ముందు నుంచే మేం రోజూ బైకు మీద, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో వెళ్తుంటాం.

కన్యాశుల్కంలో నాది రామప్పపంతులు వేషం. మొదటి అంకంలో మధురవాణి ఇంట్లో నేను మంచం కింద దాక్కోవాలి. తర్వాత పూటకూళ్ళమ్మ చీపురుతో వస్తే గిరీశం కూడా అదే మంచం కిందకి దూరతాడు. జనం పడీపడీ నవ్వేది అక్కడే. మీరు మంచం కిందకి రారు. రిహార్సల్లో నేనూ గిరీశమూ అక్కడ మాట్లాడుకున్నదంతా నాకూ గిరీశానికీ తప్ప ఎవరికీ వినబడలేదు. చీపురు దెబ్బ మాత్రం నాకు తగిలింది, అదీ ఎవరికీ వినబడలేదు. ఒకడు మంచాన్ని మీ కిందకి జరుపుదామన్నాడు. జరిపాం. మంచం మీద కూర్చున్న మధురవాణి ఊపిరి ఆఖరి వరసదాకా వినబడింది, కింద మేం మాత్రం చెరసాలలోనే. ఇంకొకడు నేను మంచం మీద దాక్కుంటే ఎలా ఉంటుందన్నాడు. మాస్టారు వాణ్ణి టీలు తేవడానికి పంపించారు.

వారం నుంచి పొద్దున్నే ఐదున్నరకి పెద్దచెరువు గట్టుకి పోతున్నాం. మాస్టారు ఒక చివర నిలబడతారు, మేం ఒక్కొక్కరం దూరంగా వెళ్ళి డైలాగ్ చెప్పాలి. అరిస్తే ఒప్పుకోరు. గొంతు చించుకోకుండా బొడ్డు దగ్గర్నుంచి మాట లేపాలంటారు. మూడురోజులు నా నుంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నాలుగోరోజు పంతులు మాటలు చెబుతుంటే గట్టు మీద చాలా దూరంలో వాకింగ్ చేస్తున్న పెద్దాయన ఒకరు ఆగిపోయి, "ఏటి బాబూ, నన్నేనా పిలుస్తన్నావు?" అని కేకేశారు. ఆయనకి నా మాట వినబడింది. అంతకన్నా ఆశ్చర్యం, డెబ్బయ్యేళ్ళ ఆయన మాట నాకు స్పష్టంగా వినబడింది. మాస్టారు ఆయన్ని పిలిచి టీ ఇప్పించి, నాటకంలో వేస్తారా అని అడిగారు. ఆలోచించి చెబుతానన్నారు.

కాబట్టి మనవి ఏమంటే, ఆ రోజు మంచం సీను వచ్చినప్పుడు సౌండ్ అబ్బాయిని మిమ్మల్ని ముగ్గురినీ ఆపెయ్యమన్నాం. ఐదు నిమిషాలే. ఏసీ కూడా ఆపించే ప్రయత్నంలో ఉన్నాం. ఏమీ అనుకోకండి. ఒకవేళ నేను వినబడకపోతే పైనుంచి మీరు నవ్వుకోవచ్చు, ఎలాగూ ఆపేసి ఉంటారు కాబట్టి బయటికి వినబడదు.

కుడివైపు ఆయన సాలెగూడు దులిపే పని నాకు అప్పజెప్పారు. నిచ్చెన దొరకగానే వస్తాను.

ఇట్లు,
రామప్పపంతులు వేషధారి,
మంచం కింద నుంచి